తాతగారి వెబ్లీ రివాల్వర్: ఏ భాగం అంకెకూ మరో భాగం అంకెతో పొంతన లేదు, దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

పాకాల దారి, హనుమకొండ

సభ్యులందరికీ నమస్కారం. నాలుగు నెలల క్రితం మా బాపు కాలం చేశారు. ఆయన పేరున లైసెన్స్ ఉన్న పాత రివాల్వర్‌ను దశదిన కర్మ ముగిసిన మరునాడే, లైసెన్స్ గల ఒక ఆయుధాల దుకాణంలో జమచేసి రసీదు తీసుకున్నాము. ఆ రివాల్వర్ కాల్చగా నేను ఎన్నడూ చూడలేదు. ఏటా దసరాకు బీరువాలోంచి తీసి, నూనె గుడ్డతో తుడిచి, కుంకుమ బొట్టు పెట్టి, జమ్మి ఆకు తాకించి మళ్ళీ గుడ్డలో చుట్టిపెట్టడం ఒక్కటే నాకు గుర్తు.

మొన్న దుకాణానికి వెళ్ళి, దుకాణదారు దాన్ని తెరిచి ఆరు అరలూ ఖాళీగా ఉన్నాయని చూపిన తరువాత ఫోటోలు తీసుకున్నాను. నాకు కనిపించినవి చెబుతాను. అది నడుము దగ్గర విరిచి తెరిచే రకం. గొట్టం పొడవు ఉక్కు స్కేలుతో కొలిస్తే సరిగ్గా ఆరు అంగుళాలు. పై పట్టీకి ఎడమ పక్క రోమన్ అంకెల్లో మార్క్ 6 అని, ఫ్రేము (మిగతా భాగాలన్నీ బిగించి ఉండే మొండెం) మీద వెబ్లీ పేరూ దాని కింద 1916 అని ఉన్నాయి. మొత్తం నికెల్ పూతతో గిన్నెలా మెరుస్తోంది. పిడి చెక్కలు నున్నని కర్రవి, వాటి మీద గళ్ళు గానీ ముద్ర గానీ లేవు. గొట్టం మీద 3176తో మొదలయ్యే అంకె, తూటాల అరలుండే సిలిండర్ మీద 1985తో మొదలయ్యే అంకె, పిడి వెనుక పట్టీ మీద 47 అనే చిన్న అంకె ఉన్నాయి. ఫ్రేము మీద మాత్రం నాకు ఏ నంబరూ కనబడలేదు.

ఇక కాగితాలు. బాపు లైసెన్స్ పుస్తకంలో 3176 వరుస నంబరే ఉంది. 1963లో తాతగారి పేరున రాసిన పుస్తకం నుంచి అదే నంబరు దిగుతూ వచ్చింది. కానీ తాతగారి ట్రంకు పెట్టె అడుగున ఉర్దూలో రాసిన ఒక పాత లైసెన్స్ కాగితం దొరికింది. అందులో ఫసలీ (నిజాం కాలంలో వాడిన సంవత్సరాల లెక్క) 1352 అని ఉందనీ, ఆయుధం నంబరు 2437తో మొదలవుతుందనీ ఉర్దూ కొద్దిగా వచ్చిన మిత్రుడొకరు చదివి చెప్పారు. ఆ నంబరు రివాల్వర్ మీద ఎక్కడా లేదు.

దుకాణదారు ఒకసారి తిప్పి చూసి, "ఇది అతుకుల బొంత సార్, తూకానికి ఇనుము" అన్నాడు. మా మేనత్త మాత్రం 1948లో పోలీసు చర్య జరిగిన రోజుల్లో పారిపోతున్న రజాకారు చేతిలోంచి తాత దీన్ని గుంజుకున్నాడని, చరిత్ర ఉన్న వస్తువును ఎవరికీ ఇవ్వవద్దని పట్టుపడుతున్నారు. ఇది నిజంగా ఏ రివాల్వర్, ఏయే భాగాలు మారాయి, దీనికి ఏమైనా విలువ ఉందా అన్నది తెలిసినవారు చెప్పగలరని మనవి.

వేదిక నిర్వాహకుడు

ఆయుధాల నంబర్లలో చివరి రెండు అంకెలు ఎవరూ ఇక్కడ రాయవద్దు. కొనుగోలు, అమ్మకాల ప్రస్తావన వస్తే చర్చను మూసివేస్తాము. ఫోటోలో దుకాణం పేరు కనబడుతున్న భాగాన్ని తొలగించాను.

మెట్‌పల్లి మాస్టారు

అయ్యా, ఇది మన పోలీసులు నడుముకు కట్టుకునే 38 బోరు ఎన్‌ఫీల్డ్ అని నా అభిప్రాయం. మా పెదనాన్న సబ్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసిన రోజుల్లో ఇలాగే నడుము దగ్గర విరిగే రివాల్వర్‌ను ఇంటికి తెచ్చేవారు. అచ్చంగా ఇదే ఆకారం.

పాత ఇనుము, కరీంనగర్

మాస్టారు గారూ, ఆకారం ఒకటే కావడానికి కారణం ఉంది. 38 బోరు ఎన్‌ఫీల్డ్‌ను 1930ల మొదట్లో ఈ వెబ్లీ వరుస చూసే రూపొందించారు. కాకపోతే దాని గొట్టం ఐదు అంగుళాలు, ఒళ్ళు సన్నం. దీనికి ఆరు అంగుళాల గొట్టం, కింద చదునుగా కోసినట్లున్న పిడి ఉన్నాయి. వెబ్లీ సైనిక రివాల్వర్లలో 1887 నాటి మార్క్ 1 నుంచి 1913 నాటి మార్క్ 5 వరకు అన్నింటి పిడి చిలుక ముక్కులా కిందికి వంగి ఉంటుంది. 1915లో వచ్చిన మార్క్ 6తోనే ఆ వంపు పోయి చదును పిడి వచ్చింది. కనుక పై పట్టీ మీది ముద్రను నమ్మకపోయినా, ఫ్రేము ఒక్కటి చూసి ఇది మార్క్ 6 అని చెప్పవచ్చు. బోరు 455. గొట్టం మూతి దగ్గర వెడల్పు పదకొండు మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. 38 బోరు అయితే చూపుడు వేలి కొన కూడా ఆనదు.

నకలు అనే అనుమానం ముందుగా తీర్చుకోవాలి, ఎందుకంటే వాయవ్య సరిహద్దులో, ముఖ్యంగా దర్రా ఆదం ఖేల్‌లో, వెబ్లీలను ఆకురాయితో అరగదీసి అచ్చు గుద్దినట్లు తయారుచేసేవారు. అక్కడి పనివారికి ఆంగ్ల అక్షరాలు బొమ్మలే తప్ప చదువు కాదు. అందుకే ఆ నకళ్ళలో అక్షరాలు తిరగబడతాయి, పేర్ల స్పెల్లింగు తప్పుతుంది, కిరీటం ముద్ర చూస్తే పూలకుండీలా ఉంటుంది. మీ రెండవ ఫోటోలో అక్షరాలన్నీ ఒకే లోతులో, ఒకే వరుసలో ఉన్నాయి. దుకాణదారును అడిగి గొట్టంలోకి వెలుతురు పెట్టి చూడండి. అసలు వెబ్లీ గొట్టంలో ఏడు గాడులు కుడివైపు మెలిక తిరుగుతూ కనబడాలి.

అంకెల విషయానికి వస్తే, మీరు ఒకే గాటన కట్టినవి మూడు వేర్వేరు రకాలు. 1916 తయారీ సంవత్సరం. 47 అన్నది బహుశా పలటన్‌లో ఆయుధాలకు వేసే వరుస నంబరు, అంటే ఫలానా దళం అరలో నలభై ఏడవది అని మాత్రమే. 3176, 1985 వరుసలే నిజమైన తయారీ నంబర్లు, కానీ అవి రెండు వేర్వేరు రివాల్వర్లవి. ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చినప్పుడు ఫ్రేము, గొట్టం, సిలిండర్ మూడింటి మీదా ఒకే నంబరు ఉండాలి. కిరీటం కింద ఒక అక్షరం, ఒక అంకె ఉన్న చిన్న చిన్న ముద్రలు కనబడితే కంగారు పడవద్దు. అవి తనిఖీదారులవి, నంబర్లు కావు.

ఫ్రేముకు నంబరు లేదన్న మాటే నాకు మింగుడు పడటం లేదు. సిలిండర్ కింద కుడివైపు మరొక్కసారి చూడండి. అక్కడే బాణం గుర్తు కూడా ఉండాలి.

జనగామ వకీలు

ఆ ఒక్క మాటను తేలిగ్గా తీసుకోకండి. ఆయుధ చట్టం 8వ సెక్షన్ ప్రకారం ఆయుధం మీది పేరు, నంబరు, ఇతర గుర్తింపు ముద్రలను చెరపడం, మార్చడం నేరం. నంబరు చెరిపిన ఆయుధం మీ చేతిలో ఉంటే, మీరు చెరపలేదని చూపే భారం మీ మీదనే పడుతుంది. తేలేవరకు దుకాణంలో ఎవరినీ దాని మీద ఆకురాయి గానీ, ఎమరీ కాగితం గానీ పెట్టనివ్వకండి.

విశ్రాంత ఆర్మరర్, కాజీపేట

ఇరవై ఆరేళ్ళు ఇలాంటివి విప్పి బిగించిన చేతులు నావి. ఫోటోను పెద్దది చేసి చూశాను. పాత ఇనుము గారు చెప్పిన చోట, సిలిండర్ కింద, నల్లటి ఎరుపు పొక్కు లాంటిది ఉంది. అది తుప్పు కాదు. దసరాకు బొట్టు పెడతామని మీరే రాశారు. అరవై, డెబ్బై దసరాల కుంకుమ నూనెతో కలిసి ఆ గుంతల్లో రాయిలా గట్టిపడి ఉంటుంది. దుకాణదారు చేతనే కిరోసిన్‌లో తడిపిన మెత్తని గుడ్డ పది నిమిషాలు అక్కడ వేసి ఉంచమనండి. ఆ తరువాత పుల్లతో కాదు, పాత టూత్ బ్రష్‌తో తుడవమనండి. నంబరు ఉంటే దానంతట అదే బయటపడుతుంది.

భాగాలు మారిన వరుస గురించి నాకు ఒక ఊహ ఉంది. అది తరువాత చెబుతాను, ముందు పిడి చెక్కలు ఒకసారి తీయించి లోపలి ఫోటో పెట్టండి.

గోదావరిఖని మూడవ షిఫ్ట్

అన్నా, దుకాణదారు మాట నమ్మకు. విదేశాల్లో వేలంపాటలో వెబ్లీలు ఎంతకు పోతున్నాయో చూశాను. మన దేశంలో ఐతే పాత విదేశీ రివాల్వర్ల ధరలు లక్షల్లో ఉన్నాయి. నూరేళ్ళు దాటింది కాబట్టి పురావస్తువు కింద లైసెన్స్ కూడా అవసరం ఉండదు.

జనగామ వకీలు

ఈ సందేశం చదివి ఎవరైనా ఇంట్లో ఆయుధం దాచుకుంటే వారికి మిగిలేది కేసే. కాబట్టి వివరంగా రాస్తున్నాను.

లక్షల మాట పూర్తిగా అబద్ధం కాదు. వ్యక్తులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోవడం 1980ల మధ్య నుంచి దాదాపు ఆగిపోయింది. కనుక దేశంలో అప్పటికే ఉన్న 32 బోరు వంటి మామూలు విదేశీ చేతి తుపాకులకు గిరాకీ పెరిగి, వాటి అసలు ధరతో పోలికే లేని ధరలు పలుకుతున్నాయి. అయితే 455 బోరు ఆ జాబితాలోకి రాదు. 380 లేదా 455 రిమ్ము తూటా పట్టే రివాల్వర్లను నిబంధనలు నిషిద్ధ బోరు తరగతిలో ఉంచాయి. 7వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వ ప్రత్యేక అనుమతి లేకుండా వాటిని పొందడానికి గానీ ఉంచుకోవడానికి గానీ వీలు లేదు. కొనగలిగిన వాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది అయినప్పుడు ధర ఎక్కడి నుంచి వస్తుంది?

పురావస్తువు సంగతి. 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్ళు దాటిన వస్తువులను పురావస్తువులుగా గుర్తిస్తుంది కాబట్టి ఈ రివాల్వర్‌ను దేశం దాటించడానికి వీలు లేదు. అంటే విదేశీ వేలం మాట అక్కడే ముగిసింది. ఆ చట్టం ఆయుధ లైసెన్స్ నుంచి మినహాయింపు ఇవ్వదు. ఆయుధ చట్టం 45వ సెక్షన్‌లో పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ అది మరమ్మతు చేసినా చేయకపోయినా కాల్చడానికి పనికిరాని వాటికి మాత్రమే. హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) లేచి పడుతున్న ఈ రివాల్వర్‌కు అది వర్తించదు.

పాకాల దారి గారూ, లైసెన్స్‌దారు పోయిన వెంటనే జమచేసి మీరు మంచి పని చేశారు. 21వ సెక్షన్ కోరేది అదే. వారసులుగా దరఖాస్తు పెట్టుకోవడానికి మీకు దారి ఉంది, కానీ నిషిద్ధ బోరు కనుక అది ఇక్కడి కమిషనరేట్‌తో ఆగదు, కేంద్ర హోం శాఖ దాకా వెళుతుంది. ఆ ఫైలులో మొదటి ప్రశ్న, పుస్తకంలోని నంబరు ఆయుధం నంబరేనా అన్నది. అందువల్ల ఈ చర్చలో అసలు పని అంకెల చిక్కు విప్పడమే.

దఫ్తర్ ఉర్దూ, మహబూబాబాద్

నేను రెవెన్యూ దఫ్తర్‌లో పాత ఉర్దూ కాగితాలు చదివే పని చేసినవాణ్ణి. మీ ఫోటోలో కాగితం సరిగ్గా నంబరు దగ్గర మడత పడింది. మీ మిత్రుడు 7 అని చదివిన అంకెను మళ్ళీ దగ్గరగా తీసి పంపండి. ఉర్దూలో ఏడు ఆంగ్లంలోని వి అక్షరంలా నోరు పైకి తెరుచుకుని ఉంటుంది, ఎనిమిది దాన్ని బోర్లించినట్లు నోరు కిందికి తెరుచుకుని ఉంటుంది. మడత గీత ఆ అంకె మీదుగా పోతే రెండూ ఒకటిగానే కనబడతాయి.

ఫసలీ 1352కు 590 కలిపితే 1942 వస్తుంది. ఆజూర్ నెలతో కొత్త సంవత్సరం మొదలవుతుంది కాబట్టి అది 1942 అక్టోబరు నుంచి 1943 అక్టోబరు వరకు ఉన్న సంవత్సరం. మీ మేనత్త గారు ఏమీ అనుకోనంటే ఒక మాట. 1948 సెప్టెంబరులో రజాకారు దగ్గర గుంజుకున్న రివాల్వర్‌కు అంతకు ఐదేళ్ళ ముందే మీ తాతగారి పేరున లైసెన్స్ రాసి ఉండటం కుదరదు.

అదే కాగితంలో కింది వరుసలో "రంగ్: సియాహ్" అని ఉంది. నలుపు అని అర్థం. మీరేమో గిన్నెలా మెరుస్తోందంటున్నారు.

పాకాల దారి, హనుమకొండ

నిన్న మళ్ళీ దుకాణానికి వెళ్ళి వచ్చాను. ఆర్మరర్ గారు చెప్పినట్లే కిరోసిన్ గుడ్డ వేయించాను. గుడ్డ తీసేసరికి అది ఇటుక రంగుకు తిరిగింది. బ్రష్‌తో నాలుగు సార్లు తుడవగానే మొదట ఒక 2, తరువాత 4, ఆ తరువాత 3, చివరికి 8 కనబడ్డాయి. 2438తో మొదలయ్యే ఆరంకెల నంబరు అది. నికెల్ కింద అంచులు అరిగి లోతు తగ్గింది గానీ చెక్కుచెదరలేదు. ఉర్దూ కాగితంలో మడతను ఇస్త్రీ పెట్టెతో కాక పుస్తకం కింద అదిమి సరిచేసి, దగ్గరగా తీసిన ఫోటోను దఫ్తర్ ఉర్దూ గారికి పంపాను. నోరు కిందికే తెరుచుకుని ఉంది, అది ఎనిమిదే. చివరి రెండు అంకెలు కూడా సరిపోయాయని ఆయన విడిగా జవాబిచ్చారు.

నంబరు పక్కన చిన్న బాణం గుర్తు ఉంది. దాని మొనకు మొన ఆనించినట్లు ఎదురుగా మరో బాణం ఉంది. రెండూ కలిసి నక్షత్రంలా కనబడుతున్నాయి.

గొట్టంలో గాడులు లెక్కపెట్టాను, ఏడు ఉన్నాయి. పిడి చెక్కల లోపల కూడా నికెల్ పూత ఉంది. చెక్కల వెనుక వడ్రంగి పెన్సిలుతో గీసిన గీతలు ఇంకా కనబడుతున్నాయి. హ్యామర్‌కు మాత్రం పూత లేదు, ముదురు గోధుమ రంగులో ఉంది.

పాత ఇనుము, కరీంనగర్

మొనకు మొన ఆనిన రెండు బాణాలు అంటే ఈ చర్చకు సగం జవాబు దొరికినట్లే. ఒక్క బాణం బ్రిటిష్ ప్రభుత్వ సొత్తు అని చెబుతుంది. సైన్యం ఆ ఆయుధాన్ని తనకు అక్కరలేదని లెక్కల్లోంచి తీసివేసి అధికారికంగా అమ్మినప్పుడు ఎదురు బాణం కొడతారు. అంటే ఇది ఎవరో దొంగిలించి తెచ్చినదీ కాదు, ఎవరి చేతిలోంచో గుంజుకున్నదీ కాదు. 1916లో బర్మింగ్‌హామ్‌లో తయారై, సైన్యంలో కొంతకాలం ఉండి, అమ్మకంలో బయటికి వచ్చి, 1942–43 నాటికి లైసెన్స్ మీద మీ తాతగారి చేతికి వచ్చింది. ఆ రోజుల్లో సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఉన్న మన రాజ్యంలో ఇది వింత కాదు.

గొట్టం మీద బాణం గుర్తు ఉందా? మీ ఫోటోలో కిరీటం కింద బి, పి అక్షరాలు, మరో కిరీటం కింద ఎన్, పి అక్షరాలు మాత్రమే కనబడుతున్నాయి. అవి 1904 తరువాత బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ (ఆయుధాలను పరీక్షించే సంస్థ) పౌరుల ఆయుధాల మీద కొట్టిన ముద్రలు. వెబ్లీ సంస్థ ఇదే నమూనాను బజారులో కూడా అమ్మేది. అధికారులు తమ సొంత డబ్బుతో కొనుక్కునేవారు. గొట్టం అలాంటి బజారు రివాల్వర్ నుంచి వచ్చిందని నా అంచనా. దాని నంబరు ఫ్రేము నంబరు కన్నా పెద్దది కాబట్టి తయారీ కూడా తరువాతిదే.

విశ్రాంత ఆర్మరర్, కాజీపేట

ఇప్పుడు నా ఊహ చెబుతాను.

నికెల్ పూత వేసేవాడు విడిభాగాలను పాలిష్ చక్రం మీద అరగదీసి తొట్టిలో ముంచుతాడు. మీ ఫోటోలో ఫ్రేమూ గొట్టమూ ఒకే ఛాయలో ఉన్నాయి, రెండింటి అక్షరాల అంచులూ ఒకే తీరుగా మెత్తబడ్డాయి. కనుక అవి రెండూ ఒకే రోజు తొట్టిలోకి దిగాయి. అంటే గొట్టం మారింది పూతకు ముందే. పిడి చెక్కల కింద కూడా నికెల్ ఉంది కనుక పూత నాటికి పిడి విప్పి ఉంది. అసలు ఎబొనైట్ (గట్టి రబ్బరు) పిడి అప్పటికే పగిలిపోయి ఉండవచ్చు, లేదా విప్పేటప్పుడు పగిలి ఉండవచ్చు. పాత ఎబొనైట్ స్క్రూ దగ్గర పెళుసెక్కి ఒక్క మర ఎక్కువ తిప్పినా విరుగుతుంది. కర్ర చెక్కలు ఆ తరువాత పెట్టినవి. 1942–43 నాటి కాగితంలో రంగు నలుపు. 1963 పుస్తకంలో నంబరు గొట్టానిది. కాబట్టి గొట్టం మారడం, పూత వేయడం ఈ ఇరవై ఏళ్ళ నడుమ జరిగాయి. కొత్త చట్టం 1962 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చాక పుస్తకాలు తిరగరాసినప్పుడు, మెరిసే గొట్టం మీద స్పష్టంగా కనబడిన నంబరును గుమాస్తా దించుకున్నాడు. ఫ్రేము నంబరు అప్పటికే బొట్టు కింద ఉండి ఉంటుంది.

సిలిండర్ సంగతి వేరు. దాని పూత పొరలు పొరలుగా లేచింది, కింద రాగి రంగు కనబడుతోంది. అది ఇంకొక చోట, ఇంకొకరి చేతి పని. సిలిండర్ మార్చడం గొట్టం మార్చినంత తేలిక కాదు. దాన్ని తిప్పే పాల్, ఆపే స్టాప్, ఆ సిలిండర్ పళ్ళకు తగినట్లు చేతితో సరిచూసి అమర్చాలి. అది సరిగ్గా చేయకపోతే హ్యామర్ పడే క్షణానికి అర గొట్టానికి ఎదురుగా రాదు, తూటా అంచు గొట్టం పెదవికి తగిలి సీసం పక్కలకు చిమ్ముతుంది. హ్యామర్ కూడా మార్చినదే కావచ్చు. ఫోటోలో దాని పక్క తలం మీద ఆకురాయి గీతలు అడ్డంగా ఉన్నాయి. ఫ్యాక్టరీ పనితనంలో అలాంటివి వదలరు.

ఒక మంచి విషయం కూడా చెప్పాలి. అమెరికాకు వెళ్ళిన వెబ్లీల్లో చాలావాటికి అక్కడి 45 బోరు పిస్టల్ తూటాలు పట్టేలా సిలిండర్ వెనుక ముఖాన్ని చెక్కివేశారు. ఆ తూటాల ఒత్తిడికి ఈ రివాల్వర్ సరిపోదు. మీ సిలిండర్ వెనుక ముఖం చెక్కలేదు.

దుకాణదారు సమక్షంలోనే మూడు విషయాలు చూడమనండి. మూసి ఉన్నప్పుడు గొట్టాన్ని పట్టుకుని పైకీ కిందికీ కదిపితే మడతబందు దగ్గర ఎంత ఆడుతోంది, పై గొళ్ళెం ఎంత గట్టిగా కూర్చుంటోంది, స్క్రూల గాడులు ఎంత చెడ్డాయి. వీటికి తూటా అక్కరలేదు, కాల్చి చూడాలన్న ఆలోచన అసలే వద్దు. చేతితో అమర్చిన సిలిండర్, ఎవరు చేశారో తెలియని హ్యామర్, నూరేళ్ళు దాటిన స్ప్రింగు ఉన్న ఆయుధాన్ని నేనైతే కాల్చను.

మెట్‌పల్లి మాస్టారు

నా మొదటి అభిప్రాయం తప్పని ఒప్పుకుంటున్నాను. ఒక సందేహం మిగిలింది. గొట్టం, సిలిండర్, హ్యామర్, పిడి అన్నీ మారాక దీన్ని ఇంకా తాతగారి రివాల్వర్ అనవచ్చునా?

పాత ఇనుము, కరీంనగర్

అనవచ్చును మాస్టారు గారూ. లెక్క ఫ్రేముదే. తయారీ సంవత్సరం దాని మీదే ఉంది, సైన్యం కొన్న బాణమూ అమ్మిన ఎదురు బాణమూ దాని మీదే ఉన్నాయి, ఉర్దూ కాగితంలోని నంబరూ దానిదే. మారినవి దానికి తగిలించినవి మాత్రమే. పైగా సైనిక ఆయుధాగారాల్లో భాగాలు మార్చడం నిత్యకృత్యం. తొలి మార్కుల రివాల్వర్లను కొత్త మార్కుల భాగాలతో మరమ్మతు చేసి, మార్కు అంకె పక్కన నక్షత్రం కొట్టి మళ్ళీ దళాలకు పంపేవారు.

విలువ గురించి నా మాట కొంచెం కటువుగా ఉంటుంది. సేకరణకారులు వెతికేది మూడు నంబర్లు కలిసిన, అసలు నల్లని పూత మిగిలిన, ఎబొనైట్ పిడి చెక్కుచెదరని రివాల్వర్. మీ దాంట్లో ఆ మూడూ లేవు. నికెల్ పూతను తీయిస్తే విలువ పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. పాలిష్ చక్రం మింగిన లోహం తిరిగి రాదు, ఉన్న ముద్రలు మరింత అరుగుతాయి. దుకాణదారు బేరం కోసం అన్నా "అతుకుల బొంత" అన్న మాట వర్ణనగా తప్పు కాదు. కానీ ఇనుము మాత్రం కాదు. ఎదురు బాణాలున్న ఫ్రేము, దాని నంబరుతోనే నిజాం కాలపు ఉర్దూ లైసెన్స్, 1963 పుస్తకం, ఈ మూడూ ఒకే ఇంట్లో కలిసి ఉండటం నేను చూసినంతలో అరుదు. వాటిని విడదీస్తే ఏ ఒక్కదానికీ చెప్పుకోదగ్గ విలువ ఉండదు.

జనగామ వకీలు

ఆ కాగితాన్ని లామినేషన్ చేయించవద్దని ముందే చెబుతున్నాను, చాలామంది అదే పని చేస్తారు.

నంబరు సవరణకు దరఖాస్తు ఇలా పెట్టండి. 1963లో పుస్తకం రాసినప్పుడు ఫ్రేము నంబరుకు బదులు గొట్టం నంబరు నమోదైందనీ, ఉర్దూ లైసెన్స్‌లో ఉన్నది ఫ్రేము నంబరేననీ, అది ఇప్పటికీ ఆయుధం మీద కనబడుతోందనీ రాయండి. ఉర్దూ కాగితం నకలు, అధికారిక అనువాదం, దుకాణం జమ రసీదు, నంబరు ఉన్న చోటును దగ్గరగా తీసిన ఫోటో జతచేయండి. మీరంతట మీరు నంబరు సవరించి రాసిన ఏ పాత నకలునూ జతచేయకండి. వారసత్వ దరఖాస్తును దీనితో కలపకుండా వేరుగా పెట్టండి. కుటుంబంలో ఇంకెవరైనా ఆయుధం కలిగి ఉంటే చెప్పండి, 2019 సవరణ తరువాత ఒక వ్యక్తికి రెండుకు మించి అనుమతించరు. ఉంచుకోవడానికి అనుమతి రాకపోతే, 2016 నిబంధనల కింద పనిచేయకుండా చేయించి జ్ఞాపకంగా ఉంచుకునే దారి కూడా ఒకటి ఉంది.

విశ్రాంత ఆర్మరర్, కాజీపేట

పనిచేయకుండా చేయడమంటే మళ్ళీ కాల్చడానికి వీలులేని విధంగా ముఖ్య భాగాలను పాడుచేయడం. అన్ని దారులూ మూసుకుపోయాక చివరి మాటగా ఉంచండి. చేయించవలసి వస్తే ఫ్రేము కుడి పక్క, ఆ నంబరు, ఆ రెండు బాణాలు ఉన్న చోట మాత్రం రంపం పడనివ్వకండి.

పాకాల దారి, హనుమకొండ

అందరికీ కృతజ్ఞతలు. సవరణ దరఖాస్తు నిన్న ఇచ్చాను, ముట్టినట్లు స్టాంపు వేసి ఇచ్చారు. అనువాదంలో "సియాహ్" అన్న మాటను అనువాదకుడు నీలం అని రాస్తే దఫ్తర్ ఉర్దూ గారు పట్టుకుని నలుపు అని సరిచేయించారు. మడతబందు దగ్గర కొంచెం ఆట ఉందని, గొళ్ళెం బాగుందని, రెండు స్క్రూల గాడులు పూర్తిగా చెడ్డాయని దుకాణదారు చూసి చెప్పాడు. ఈసారి ఇనుము అనలేదు.

మేనత్తకు ఫసలీ లెక్క వివరించాను. అంతా విని, "అయితే మా నాయన దీన్ని కొన్నాడా?" అని కొంత నిరాశగా అడిగింది.

చివరిగా ఒక చిన్న సందేహం. పిడి అడుగున తాడు కట్టుకునే కొక్కెం ఉండవలసిన చోట ఒక మామూలు స్క్రూ బిగించి ఉంది. ఆ కొక్కెం ఎక్కడైనా దొరుకుతుందా?

గోదావరిఖని మూడవ షిఫ్ట్

అన్నా, మా మామ దగ్గర పాత సామానులో అలాంటి కొక్కెం ఒకటి ఉంది. బస్సులో పంపిస్తాను.

జనగామ వకీలు

పంపించకండి. చట్టం దృష్టిలో ఆయుధ భాగాలు కూడా ఆయుధాలే. ఆ స్క్రూను అలాగే ఉండనివ్వండి.